విషజ్వరము నడచిన దారి

ఇంట ఒకరికి జ్వరము వచ్చినప్పుడు మన పెద్దలు మొదట అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. నిన్న ఏమి తిన్నాడు? వానలో తడిసినాడా? తలంటు పోసికొని జుట్టు ఆరకమునుపే పండుకొన్నాడా? ఏ ఊరి నీళ్లు త్రాగివచ్చినాడు? ఈ ప్రశ్నలలో ప్రేమ కలదు. కొంత అనుభవమును కలదు. కాని దగ్గు, పడిశము, ఒళ్లునొప్పులతో ఇంటినుండి ఇంటికి ప్రాకు అంటుజ్వరముల విషయమున అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. "ఇతడు ఏ గదిలో, ఎవరితో కలిసి, ఎంతసేపు ఒకే గాలి పీల్చినాడు?" అన్నదే ఆ ప్రశ్న. దానిని సరిగా అడుగుట నేర్చుకొనుటకు వైద్యశాస్త్రమునకే నూరేండ్లు పట్టినది. ఆ ఆలస్యమునకు మన దేశము చెల్లించిన మూల్యము మిక్కిలి పెద్దది. కావున ఆ కథను మొదటినుండి చెప్పదలచితిమి.

1918వ సంవత్సరము. ఐరోపాలో మహాయుద్ధము ఇంకను ముగియలేదు. బొంబాయి రేవు సైనికులతోను సరకులతోను క్రిక్కిరిసియున్నది. జూన్ 10వ తేదీన పోలీసు సిపాయిలు ఏడుగురు జ్వరముతో ఆసుపత్రిలో చేరిరి. అది మలేరియా కాదని వైద్యులు గుర్తించిరి. కొలది దినములలోనే రేవు పనివారు, మిల్లు కూలీలు, ఆఫీసు గుమాస్తాలు ఒకరివెంట ఒకరుగ మంచము పట్టిరి. అయినను ఆ జ్వరము మూడు నాలుగు దినములుండి పోవునది గావున జనులు అంతగా భయపడలేదు. జూలై గడచుసరికి తగ్గుముఖము పట్టెను. ఇక పోయినదనియే అందరును తలచిరి.

సెప్టెంబరులో అది తిరిగి వచ్చెను. ఈ మారు వచ్చిన రూపము వేరు. ఉదయము పనికి పోయినవాడు సాయంకాలమునకు స్పృహ తప్పుచుండెను. ఊపిరితిత్తులు నీరు పట్టి, ముఖము నీలిరంగు తిరిగి, బలిష్ఠులైన యువకులు సైతము రెండు మూడు దినములలో మరణించుచుండిరి. అక్టోబరు 6వ తేదీన ఒక్కనాడే బొంబాయి నగరమున 768 మరణములు నమోదైనవి. రైలుబండ్లు ఆ జ్వరమును నగరమునుండి పట్టణములకును, పట్టణములనుండి పల్లెలకును చేర్చినవి. "బొంబాయి జ్వరము" అను పేరు దేశమంతట ప్రాకెను.

ఆ యేడు నైరుతి ఋతుపవనము కూడ మోసపుచ్చెను. పంటలు లేవు, గింజల ధరలు ఆకాశమునంటినవి. ఆకలితో నీరసించిన దేహములపై జ్వరము వచ్చి పడెను. మామూలు జ్వరములు ముసలివారిని, పసివారిని ఎంచుకొనును. ఇది ఇరువది మొదలు నలువది యేండ్లలోపు వారిని ఎక్కువగా కొనిపోయెను. మన దేశమున పురుషులకంటె స్త్రీలలో మరణములు హెచ్చుగ నుండెను. రోగులకు మూసిన గదులలో పరిచర్య చేసినవారు వారే. ఇంట అందరును తినగా మిగిలినది తినువారును వారే. హిందీ మహాకవి నిరాలా తన భార్యను, కుటుంబమున మరికొందరిని ఈ జ్వరమునకే కోల్పోయెను. దేశమందు మొత్తము మరణములు 1 కోటి 20 లక్షలనుండి 1 కోటి 80 లక్షలవరకు ఉండునని చరిత్రకారుల అంచనాలు. ప్రపంచమున మరే దేశమును ఇంతమందిని కోల్పోలేదు.

నాటి జ్వరమును కన్నులార చూచి చెప్పగలవారు నేడు మన యిండ్లలో లేరు. వారికి బదులు జనాభాలెక్కలు సాక్ష్యము చెప్పుచున్నవి. 1911లో హైదరాబాదు సంస్థానపు జనాభా 1 కోటి 33 లక్షల 74 వేలు. పదేండ్లకు పెరుగవలసిన ఆ సంఖ్య 1921లో 1 కోటి 24 లక్షల 71 వేలకు దిగినది. కరవు, ప్లేగులకును ఇందు పాలు కలదు. కాని పెద్ద దెబ్బ ఇన్‌ఫ్లుయెంజాదే. దేశము మొత్తమున సైతము, జనాభాలెక్కల చరిత్రలో ఒక దశాబ్దమున జనసంఖ్య తగ్గుట 1911-1921 నడుమ మాత్రమే కనబడును. ఏ యింట ఎవరు పోయిరో ఆ లెక్కలు చెప్పవు. లేని 9 లక్షలమందిని మాత్రము చూపును.

ఇంతమందిని చంపినది ఏది? నాటి వైద్యులకు తెలియదు. తెలియదని వారు అనుకొనకపోవుటయే పెద్ద చిక్కు. 1892లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైఫర్ రోగుల కఫములో ఒక సూక్ష్మజీవిని కనుగొని, ఇన్‌ఫ్లుయెంజాకు అదియే కారణమని ప్రకటించెను. ఆయన గొప్పవాడు; ఆయన మాటను లోకము నమ్మెను. 1918లో దానిని ఎదుర్కొనుటకు టీకాలుకూడ తయారు చేసిరి. కాని ఆ సూక్ష్మజీవి చాలమంది రోగులలో కనబడనే లేదు. అది జ్వరమునకు మూలము కాదు. జ్వరము తెరచిన తలుపుగుండ లోనికి వచ్చిన దొంగలలో ఒకటి. అదే సంవత్సరమున ట్యూనిస్ నగరమందు షార్ల్ నికోల్, షార్ల్ లెబాయీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, బాక్టీరియాను ఆపగల సన్నని వడపోతగుండ కూడ ఈ రోగకారణము జారిపోవుచున్నదని తమ ప్రయోగములవలన తెలిపిరి. యుద్ధకోలాహలములో ఆ మాట పెక్కుమంది చెవులకెక్కలేదు.

1931లో అమెరికాలో రిచర్డ్ షోప్ పందుల ఇన్‌ఫ్లుయెంజాకు వైరసు కారణమని చూపెను. 1933లో లండనులో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు, జ్వరము వచ్చినవారు గొంతు పుక్కిలించిన నీటిని వడపోసి, ముంగిసను పోలిన ఫెరెట్ అను జంతువుల ముక్కులో వేసిరి. వానికి జ్వరము వచ్చెను, తుమ్ములును వచ్చెను. మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరసు మొదటిసారి శాస్త్రజ్ఞుల చేత చిక్కెను. 1936లో అట్టి ఫెరెట్ ఒకటి తనను పరీక్షించుచున్న యువవైద్యుడు స్టువర్ట్ హారిస్ ముఖముపై తుమ్మగా, ఆయనకు జ్వరము తగిలెను. ఆయన గొంతునుండి తీసిన వైరసు తిరిగి ఫెరెట్‌లకు రోగము తెచ్చెను. మన యింట పిల్లవాడు తుమ్మినప్పుడు అమ్మమ్మ "చిరంజీవ" యనును. ఆ తుమ్ము ప్రక్కవారికి ఏమి పంచునో ఈ ప్రయోగము తేటపరచినది.

శత్రువు ఎవరో తెలిసెను. వాడు ఏ దారిని వచ్చుచున్నాడు? ఈ రెండవ ప్రశ్న మరింత చిక్కైనది. ఆ చిక్కులో మన సికిందరాబాదునకును ఒక పాత్ర కలదు.

పూర్వకాలమున ఐరోపాలో రోగములన్నియు చెడుగాలివలన వచ్చునని తలచిరి. మలేరియా అను మాటకే చెడుగాలి యని అర్థము. పందొమ్మిదవ శతాబ్దమున ఆ నమ్మకము ఒక్కొక్కటిగా కూలెను. కలరా గాలివలన కాదు, నీటివలన వచ్చునని తేలెను. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. గాలి నిర్దోషి యని, దోమయే దోషి యని ఋజువాయెను. ఇవి మహావిజయములు, లక్షల ప్రాణములను కాపాడినవి. కాని విజయమునుండియే ఒక పొరపాటు పుట్టెను. రెండు రోగములలో గాలి నిర్దోషి యైనది గావున అన్నిటిలోను నిర్దోషియే యని పండితులు తలచిరి. 1910లో అమెరికా ఆరోగ్యాధికారి చార్లెస్ చేపిన్, రోగములు ముట్టుటవలనను, దగ్గరనుండి పడు తుంపరలవలనను వచ్చునే గాని, గాలిలో తేలుచు వచ్చునది చాల స్వల్పమని గ్రంథము వ్రాసెను. గాలికి భయపడువారు చేతులు కడుగుకొనుట మానుదురని ఆయన దిగులు. ఆ గ్రంథము ఒక తరమువారికి పాఠ్యమాయెను.

అదే కాలమున మంచూరియాలో ఒక డాక్టరు వేరొక పాఠము నేర్చుకొనుచుండెను. 1910-1911 చలికాలమున అచ్చట ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగి సుమారు 60 వేలమంది మరణించిరి. అది వైరసు కాదు, బాక్టీరియా; అయినను శ్వాసమార్గముననే ప్రాకినది. పినాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియన్ తే, ఇది ఎలుకలవలన కాక మనుష్యుల ఊపిరివలన అంటుచున్నదని గ్రహించి, దూదిని గాజుగుడ్డ పొరలలో చుట్టి ముక్కుకును నోటికిని కట్టుకొను మాస్కును వైద్యులకు, సేవకులకు ఇచ్చెను. మెస్నీ అను పేరొందిన ఫ్రెంచి వైద్యుడు ఆ మాటను లక్ష్యపెట్టక, మాస్కు లేకయే రోగులను పరీక్షించి, కొలది దినములలోనే మరణించెను. నేడు ఆసుపత్రులలో వాడు మాస్కులకు వూ మాస్కును పూర్వరూపముగ చెప్పుదురు.

ఊపిరిలోని తుంపరల సంగతిని శాస్త్రముగ తేల్చినవాడు విలియం వెల్స్ అను అమెరికా ఇంజనీరు. 1934లో ఆయన ప్రకటించిన విషయము ఇది. నోటినుండి వెడలు పెద్ద తుంపరలు కొన్ని అడుగుల దూరములోనే నేలబడును. చిన్నవి మాత్రము నేలకు చేరకమునుపే గాలిలో ఆరి, సూక్ష్మకణములై, గంటలకొలది తేలుచుండును. మన యింట సాంబ్రాణి వేసినప్పటి పొగను తలచుకొన్నచో ఇది సులభముగ బోధపడును. ధూపము దగ్గర పొగ దట్టముగ నుండును. తలుపులు మూసినచో కొంతసేపటికి గది నాలుగు మూలలకును ప్రాకును. కిటికీ తెరచినచో బయటికి పోవును. ఊపిరికణములును అట్లే, కంటికి కనబడకపోవుట యొకటే తేడా.

1950లనాటి చివర బాల్టిమోరులో వెల్స్ శిష్యుడు రిచర్డ్ రైలీ క్షయరోగుల వార్డునుండి పోవు గాలిని గొట్టములగుండ మేడమీది గినీపందుల గదికి పంపెను. రోగిని ఎన్నడును చూడని ఆ జంతువులకు క్షయ సోకెను. 1977లో అలాస్కాలో మరొక ఋజువు దొరకెను. ఇంజను చెడి ఒక విమానము నేలమీద సుమారు మూడు గంటలు నిలిచిపోయెను. గాలి మార్చు యంత్రము ఆగియున్నది. అందున్న 54 మందిలో ఒకరికి ఇన్‌ఫ్లుయెంజా. మూడు దినములలో మిగిలినవారిలో నూటికి 72 మంది జ్వరపడిరి. తక్కినవారందరును ఆ రోగిని తాకియుందురా? లేదు. ఆమె గాలిని పంచుకొనిరి.

ఈ నడుమ మన దేశము మరొక ఇన్‌ఫ్లుయెంజాను చూచెను. 1957 మే నెలలో సింగపూరునుండి మదరాసు చేరిన "రాజులా" అను ఓడ దానిని మోసికొని వచ్చెను. మునుపు బొంబాయి రేవు. ఈ మారు మదరాసు రేవు. ఆ మే నెలనుండి 1958 ఫిబ్రవరి వరకు దేశమున సుమారు 44 లక్షల 50 వేలమంది రోగులు, 1,098 మరణములు నమోదైనవి. లెక్కకు రానివి ఇంకను కలవు. 1918తో పోల్చినచో వైరసు సౌమ్యమైనది. నాటి కరవు లేదు. జ్వరము వెనుక వచ్చు న్యుమోనియాకు పెనిసిలిన్ వంటి మందులు వచ్చియున్నవి. కూనూరులోని పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరసును గుర్తించు కేంద్రమును ఉన్నది. శత్రువును ఎరిగియుండుట ఎంత మేలో ఇందు కనబడుచున్నది.

అయినను రెండవ ప్రశ్న మరల మరుగున పడెను. 2020లో కరోనా వచ్చినప్పుడు లోకమంతయు చేతులు కడుగుకొనెను, కూరగాయలు కడిగెను, గుమ్మములు తుడిచెను. ఇది గాలిద్వారా వ్యాపించునది కాదని 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రజలకు తెలిపెను. అప్పటికి పదునెనిమిది దినములకు ముందే, మార్చి 10న, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున ఒక గాయకబృందము రెండున్నర గంటలు కలిసి సాధన చేసియుండెను. ద్వారముచెంత చేతులు శుభ్రము చేసికొనుటకు ద్రవము ఉంచిరి. అయినను వచ్చిన 61 మందిలో 53 మంది జబ్బుపడిరి, ఇద్దరు మరణించిరి. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు గాలిని మరువవలదని బహిరంగలేఖ వ్రాసిరి. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు గాలిదారిని అంగీకరించెను. అదే యేడు ఏప్రిల్, మే నెలలలో మన దేశము రెండవ కెరటమున ఏమి అనుభవించినదో మేము చెప్పనక్కరలేదు. ఆక్సిజను కొరకు పరుగెత్తినవారు ప్రతి వీధిలోను ఉన్నారు. 1918లో వలెనే, తొలి కెరటము తగ్గగానే ఇక పోయినదని మనమందరమును తలచితిమి.

ఇచ్చట మా వృత్తిలోని చిన్న సంగతి ఒకటి చెప్పవలెను. మైక్రోఫోను ముందు కూర్చుండువారికి "ప", "ఫ", "భ" అక్షరములు పెద్ద బెడద. ఆ అక్షరము పలికినప్పుడు పెదవులనుండి వెడలు గాలి మైకును కొట్టి చప్పుడు చేయును. అందుచేత మైకునకు తొడుగు తొడిగి, ముఖమును కొంచెము ప్రక్కకు త్రిప్పి మాటలాడుట మాకు మొదటినాడే నేర్పుదురు. ఇన్నేండ్లుగ ఆ గాలిని శబ్దదోషముగనే ఎంచితిమి. చప్పుడు చొరకుండ కట్టిన స్టూడియోకు కిటికీలు లేవని, అందు నలుగురు నటులు గంటసేపు బిగ్గరగా సంభాషణలు చదువుదురని, ఎన్నడును ఈ దృష్టితో తలచియుండలేదు. మెల్లగ మాటలాడినప్పటికంటె బిగ్గరగ మాటలాడినను, పాడినను కణములు మిక్కుటముగ వెడలునని నేడు ఎరుగుదుము. ఊపిరియే జీవనోపాధిగా గల మేమే దానిని మరచితిమి.

దారి తెలిసినచో కాపుదల సులభము. మన దేశమున ఇన్‌ఫ్లుయెంజా వర్షకాలమందును, చలికాలపు చివరను ప్రబలును. అప్పుడు జల్లు కొట్టునని, చలి యని తలుపులు బిగింతుము. ఎదురెదురుగ రెండు కిటికీలు కొంచెమైన తెరచియుంచుట మొదటి రక్షణ. పైన తిరుగు పంకా గదిలోని గాలినే త్రిప్పును, బయటిగాలిని తేదు. గదిని చల్లబరచు ఏసీలు చాలవరకు ఆ గాలినే మరల మరల ఇచ్చును. దగ్గు, జ్వరము ఉన్నవారిని వీలైనచో వేరు గదిలో ఉంచి, పరిచర్య చేయువారును రోగియు మాస్కు ధరింపవలెను. ముక్కును విడిచి గడ్డమునకు తగిలించిన మాస్కు అలంకారమే గాని రక్షణ కాదు. ముఖమునకు అంచులు చక్కగ అంటుకొను ఎన్95 వంటివి మేలు. చేతులు కడుగుకొనుటను మానవలదు. అది చిన్నదారి మూయును, గాలి పెద్దదారి. ఇన్‌ఫ్లుయెంజా లక్షణములు కనబడుటకు ఒక దినము ముందునుండియే అంటగలదు గావున, ఇంట ముసలివారో, గర్భిణియో, పసిబిడ్డయో, గుండెజబ్బు, ఉబ్బసము, చక్కెరవ్యాధి కలవారో ఉన్నచో ముందుజాగ్రత్త మరింత అవసరము.

వైరసు ఏటేట తన పైపూతను కొంచెము మార్చుకొనును. అందుచేత ఇన్‌ఫ్లుయెంజా టీకాను ఏటేట మార్చి తయారు చేయుదురు. నిరుడు వేయించుకొన్నాము గదా యని ఊరకుండరాదు. బాక్టీరియాను చంపు యాంటీబయాటిక్ మందులు వైరసును చంపవు. వానిని మనంతట మనము కొని మ్రింగుట వ్యర్థము, హానికరము. పసివారి వైరసు జ్వరమునకు ఆస్పిరిన్ ఈయరాదు. ఆయాసము, రొమ్మునొప్పి, పెదవులు నీలమగుట, మగత, తగ్గి మరల తిరుగబెట్టిన జ్వరము, పసిబిడ్డ పాలు త్రాగకుండుట—వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగక వైద్యునికి చూపవలెను.

మశూచి యున్న రోజులలో మనవారు గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. దానిని చూచి వచ్చువారు వెనుదిరిగెడివారు. అందులో అవమానము లేదు. ఇరుగుపొరుగుల ఎడ బాధ్యత కలదు. అంటుజ్వరమునకు అట్టి మర్యాద మనము ఏర్పరచుకొనలేదు. పైగా జ్వరముతోనే పెండ్లికి పోయినవానిని ఆప్యాయము కలవాడని, జ్వరముతోనే ఆఫీసునకు వచ్చినవానిని కష్టజీవి యని మెచ్చుకొందుము. "ఒంట్లో బాగులేదు, రాలేను" అన్న మాటను నిష్ఠూరముగ గాక మర్యాదగ గైకొనుట నేర్చుకొన్నచో, అదియే నేటి వేపమండ.

1918లో నైజాము రాష్ట్రమున మరణించినవారికి శత్రువు పేరైన తెలియదు. వాడు వచ్చు దారియు తెలియదు. మనకు రెండును తెలియును. మరియొక జ్వరము రేపు ఏ రేవునుండియో, ఏ విమానమునుండియో దిగవచ్చును. అది దిగినప్పుడు మనము వేయవలసిన తొలి ప్రశ్న ఇప్పటికి మనయొద్ద సిద్ధముగ నున్నది. ఈ ప్రసంగమును చదివిన పిమ్మట, ఇంట ముసలివారు పండుకొను గదిలో కిటికీ ఎటువైపున ఉన్నదో, అది తెరచుకొనుచున్నదో లేదో ఒక్కమారు చూచిరండు.